ఇంత ఖాళీ

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఒకామె, నా కెమిస్ట్రీ పుస్తకంలోని పరమాణువు బొమ్మనే చూస్తోంది. కిటికీ మీది వాననీళ్లలో దుకాణాల దీపాలు కరిగి జారుతున్నాయి.

"గిదేంది బిడ్డా?"

"మన ఒంట్లో ఉండేదేనండి. రక్తంలో ఇనుము, ఎముకల్లో కాల్షియం, అన్నీ ఇలాంటి పరమాణువులే. మధ్యలో చిన్న కేంద్రకం, ఎక్కడో దూరంగా ఎలక్ట్రాన్లు. మిగతాదంతా ఖాళీ."

ఆమె తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంది.

"పొద్దుగాల్నుంచి గల్లీ గల్లీ తిరుగుతున్న. ఒంటరి ఆడిదానికి రూమ్ కిరాయికియ్యరంట. లోపల గింత జాగ పెట్టుకొని!"

ఎల్బీనగర్‌లో దిగి వానలో కలిసిపోయింది.

ఇప్పుడు ఆ పాఠం నేనే చెబుతున్నాను. "ఖాళీ" అనే మాట దగ్గరికి రాగానే, ఎవరో వచ్చి కూర్చుంటారన్నట్టు కొంచెం పక్కకి జరుగుతాను.