శ్రీరంగప్ప ఎడమ చేయి

బుధవారం ఉదయం ఏడు గంటలకు డయాలసిస్ గదిలోకి వచ్చిన శ్రీరంగప్ప, మూడో నంబరు మంచం దగ్గర ఎవరో కొత్త మనిషి ఉండటం చూసి గడపలోనే ఆగిపోయాడు. నీలం చొక్కా వేసుకున్న ఆ యువకుడు యంత్రానికి గొట్టాలు బిగిస్తున్నాడు.

"హేమ యాడప్పా?"

"హేమ సిస్టర్ లేదన్నా. జర్మనీకి పోయినాది. సోమవారమే విమానం ఎక్కిందంట. నా పేరు వెంకటేశులు. ఇంకమీద ఈడ నేనే."

ఒక్కొక్క మాటా అర్థమైంది. మాటలన్నీ కలిసి చెప్పినది మాత్రం శ్రీరంగప్పకు అందలేదు. మొన్న శనివారం ఇదే మంచం మీద అతని చేతికి దూది ఒత్తి పట్టీ వేస్తూ, "మామా, మళ్ల రెండు కిలోల నీళ్లు మోసుకొచ్చినావు. చెప్తే ఇనవు" అని హేమ కసిరింది. ఆ కసురులో ప్రయాణపు జాడ ఏదైనా ఉందా అని అతను ఇప్పుడు వెతుక్కున్నాడు. ఏమీ దొరకలేదు.

నాలుగో మంచం మీది అంజనమ్మ అతన్ని చూసి, "ఏమప్పా శ్రీరంగప్పా, పెండ్లికొడుకు మాదిరి గడపలోనే నిలబడితివి. లోపలికి రా. పిల్ల పారిపోయినాది" అంది. తన మాటకు తనే నవ్వింది. కానీ ఆమె కూడా సూదులు దిగే చేతిని దుప్పటి కిందనే పెట్టుకుని ఉంది.

శ్రీరంగప్పకు యాభై ఎనిమిదేళ్లు. ధర్మవరంలో పదమూడో ఏట మగ్గం గుంటలోకి దిగి, మూడేళ్ల కిందట మూత్రపిండాలు రెండూ పని మానుకున్నాక పైకి వచ్చాడు. అప్పుడు డాక్టర్లు అతని ఎడమ ముంజేతిలో ఒక ధమనిని, ఒక సిరను కలిపి కుట్టారు. చర్మం కింద ఆ నరం తాడులా ఉబ్బి, వేలు పెడితే తుమ్మెద మాదిరి గుయ్యిమంటుంది. వారానికి రెండుసార్లు అందులోకి రెండు సూదులు దిగాలి. నెత్తురు బయటికి పోయి, యంత్రంలో కడుక్కుని, తిరిగి రావాలి. నీటికోసం వెయ్యి అడుగులు నేలను తొలిచే సీమలో పుట్టి, రెండు గ్లాసులు ఎక్కువ తాగితే ఊపిరితిత్తుల్లో నీరు చేరే స్థితికి అతను వచ్చాడు.

సూది వేయడానికి రెండు పద్ధతులున్నాయి. ప్రతిసారీ కొత్తచోట పొడవడం ఒకటి. అవే రెండు రంధ్రాల్లో, అదే కోణంలో, అదే లోతుకు పంపడం రెండవది. కొన్ని వారాలు ఒకే మనిషి అలా వేస్తే లోపల ఒక దారి ఏర్పడుతుంది. ఆపైన మొనలేని సూది కూడా నొప్పి లేకుండా దిగుతుంది. హేమ రెండో పద్ధతి మనిషి. ఆమె సూది వేస్తున్నప్పుడు శ్రీరంగప్ప కిటికీ వైపు చూసేవాడు కాదు. ఆమె వేళ్లనే చూసేవాడు. పనితనాన్ని చూసి మురవడం అతని స్వభావం కాదు, తప్పు పట్టడమే అతనికి అలవాటు. ఆ వేళ్లలో తప్పు పట్టడానికి మూడేళ్లలో అతనికేమీ దొరకలేదు.

వెంకటేశులు చేతులు కడుక్కుని వచ్చి, నరాన్ని వేలితో తడిమి చూశాడు.

"ఆయమ్మ వేసిన దారి నాకు తెలీదన్నా. నేను రొంత పైన వేస్తా. మొదట కొంచెం మంట ఉంటాది."

శ్రీరంగప్ప చేయి వెనక్కి లాక్కున్నాడు.

నేతగాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. చీర నడుమ చేయి మారకూడదు. ఒకరు మొదలుపెట్టిన చీర మీద మరొకరు కూర్చోరు. నేసేవాడికి జ్వరం వస్తే మగ్గం మీద గుడ్డ కప్పి, అతను లేచేదాకా ఆగుతారు తప్ప అన్నదమ్ములైనా ఆ గుంటలో దిగరు. అడ్డపోగును, అంటే పేకను, బిగించే దెబ్బ ఒక్కొక్కరిది ఒక్కొక్క బరువు. చేయి మారినచోట చీరకు అడ్డంగా ఒక గీత పడుతుంది. వెలుతురుకు పట్టి చూస్తే దాచినా దాగదు. నలభై రెండేళ్లు ఆ కట్టుబాటును పాటించిన మనిషికి అది పనిలోని నియమంగా మిగలదు, ప్రపంచం నడిచే తీరుగా తోస్తుంది. కనుక శ్రీరంగప్ప తనకు తెలిసిన పనే చేశాడు. గుడ్డ కప్పి ఆగుదామనుకున్నాడు.

"ఆయమ్మ వచ్చినంక వస్తా" అన్నాడు.

"ఆయమ్మ రాదన్నా" అన్నాడు వెంకటేశులు, చెవిటివాడికి చెప్పినట్టు నెమ్మదిగా. "ఈ పూట చేసుకోకుంటే నీకే కష్టం."

నా ఇష్టంతోనే వెళ్తున్నాను అని రాసి ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కాగితం మీద శ్రీరంగప్ప గుండ్రటి అక్షరాలతో పేరు పూర్తిగా రాసి బస్సెక్కాడు.

గురువారం మధ్యాహ్నానికి అతని పాదాల మీద వేలు నొక్కితే గుంట పడి అలాగే ఉండసాగింది. పడుకుంటే ఊపిరి అందక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. భార్య రత్నమ్మ అంతవరకు ఓర్చుకుంది.

"చదువుకున్నోడు గదా ఆ వెంకటేశులు. వేపిచ్చుకుంటే ఏం పోయ?"

"చదువుకుంటే? చీర నడమ చెయ్యి మారుస్తారా యాడన్నా?"

"నువ్వు చీరవా?" అంది రత్నమ్మ. "నేసి మడత పెట్టేకి?"

జవాబు చెప్పే ఊపిరి కూడా అతనికి లేదని ఆమెకు అప్పుడు తెలిసింది.

శుక్రవారం ఉదయం రత్నమ్మ ముదిగుబ్బ బస్సు పట్టుకుంది. హేమ తల్లి కదిరమ్మది ఆ ఊరే అని ఆసుపత్రిలో ఎవరో ఎప్పుడో అన్న మాట తప్ప ఆమె దగ్గర మరో ఆధారం లేదు. అడుగుతూ పోతే ఊరి చివర గొర్రెల దొడ్డి దగ్గర కదిరమ్మ కనిపించింది. ఒక గొర్రెను కాళ్ల మధ్య పట్టుకుని దాని గిట్ట చూస్తోంది. బిడ్డ విదేశం పోయిన తల్లి ఏడుస్తూ ఉంటుందని, లేదా గొప్పలు చెబుతుందని రత్నమ్మ ఊహించుకుని వచ్చింది. ఆ రెండూ జరగలేదు.

"నాకూ ముందుదినమే చెప్పినాదిక్కా" అంది కదిరమ్మ, హేమ పేరు ఎత్తగానే, గిట్ట వదలకుండా. "ఆసుపత్రోళ్లు ఆర్నెల్లకొకసారి సంతకం పెట్టిచ్చుకుంటా ఉండ్రి. పర్మినెంటు అనేది రాలేదు. బస్సులో పోయేటప్పుడు చెవుల్లో వైర్లు పెట్టుకుంటే పాటలనుకుంటి. ఆ దేశం మాటలంట అవి. రెండేండ్లు నేర్చినాదంట, ఇంట్లో ఉండే నాకు తెలీకుండా."

"మా ఇంటాయన సూదికి చెయ్యి నీ బిడ్డకు తప్ప ఇయ్యనంటాండాడు. సచ్చిపోతాడు."

కదిరమ్మ తలెత్తింది. గొర్రె ఆమె కాళ్ల మధ్య నుంచి జారి పరుగెత్తింది. చాలాసేపు ఆమె ఆ గొర్రెనే చూసింది. తన బిడ్డ లేకపోతే చచ్చే మనిషి ఒకడు ఉన్నాడన్నది ఆమెకు అంతవరకు ఎవరూ చెప్పని సంగతి.

"దుడ్లు సంపాదించేకి పోయినాది అంటారు అందరూ. నేనూ అట్లనే అనుకుంటి" అంటూ లోపలికి పోయి, నంబరు రాసిన కాగితం తెచ్చి ఇచ్చింది.

సాయంత్రం నాలుగు గంటలకు ధర్మవరంలో రత్నమ్మ ఫోనును భర్త ముఖానికి ఎదురుగా పట్టుకుంది. తెర మీద హేమ కనిపించింది. జుట్టు గట్టిగా ముడివేసి ఉంది. చేతులకు పలుచటి తొడుగులున్నాయి. అక్కడ మధ్యాహ్న భోజనాల వేళ.

"మామా, మొగం ఉబ్బింది. ఎన్ని దినాలైనాది?"

"నువ్వు వేసిందే ఆఖరు."

హేమ ముఖంలో రంగు మారింది. ఆమె ఏదో అనబోయింది గాని, శ్రీరంగప్ప మూడు రోజులుగా కూడబెట్టుకున్న ప్రశ్న ముందుగా అడిగేశాడు.

"ఆడ ఎవరి చెయ్యి పట్టుకున్నావు పాపా? వాళ్ల నరాలు బాగుండాయా?"

"సూది ముట్టలేదు మామా నేను."

"అంటే?"

"వీళ్ల అనుమతి కాగితం వచ్చేదాంకా ముట్టేకి లేదంట. యాడాది పట్టొచ్చు. ముసిలోళ్ల ఇంట్లో పని. స్నానం చేపిస్తా. బువ్వ తినిపిస్తా. పక్క మారుస్తా. ఇప్పుడు ఒక అవ్వకు సూపు తాపి వచ్చినా."

శ్రీరంగప్పకు కోపం వస్తుందనుకున్న రత్నమ్మ అతని వైపు చూసి భయపడింది. కోపానికి కావలసినదేదీ ఆ ముఖంలో లేదు. తన దగ్గర నుంచి తీసుకుపోయిన వస్తువు మరొకరి ఇంట్లో ఉందని తెలిస్తే దుఃఖానికి ఒక దిక్కు ఉంటుంది. ఆ వస్తువు ఎక్కడా లేదని తెలిస్తే ఏ దిక్కుకు తిరగాలి? నేర్పు అనేది పెట్టెలో సర్దుకుని సరిహద్దు దాటించగల సొత్తు అని మనం అనుకుంటాం. పంపినవారు పోగొట్టుకున్నామని, పిలిచినవారు సంపాదించామని లెక్క వేస్తారు. కానీ హేమ నేర్పు ఆమె వేళ్లలో మాత్రమే ఉండేది కాదు. ఆ వేళ్లకూ ఈ ముంజేతికీ నడుమ ఉండేది. ఆమె విమానం ఎక్కిన క్షణాన అది ఇక్కడ అంతరించింది. అక్కడ పుట్టలేదు. ఇంత నష్టం ఎవరికీ లాభం కాకుండా జరగగలదన్నది మగ్గం మీద ఒక్క పోగు వృథా చేయని మనిషికి ఊహకందని విషయం.

"చెప్పి పోకూడదా?" అన్నాడు చివరికి.

"చెప్తే మీరంతా చేతులు చాపుతారు మామా. ఇరవైమంది చేతులు చాపితే నేను యాడికి పోదును?"

హేమ కెమెరాకు దగ్గరగా వచ్చింది.

"ఒక మాట చెప్తా, తిట్టుకో. నీ చెయ్యి మొదటి నెలలో నేరేడు పండు మాదిరి నల్లగైనాది, గ్యాపకముందా?"

"రోగం ముదిరి అట్లైనాది."

"రోగం కాదు మామా. నేనే. ఒకే దారిలో వేసేది పుస్తకంలో చదివింటి గాని చేతికి రాలేదు. మొదటి చెయ్యి నీదే. ఏడు మార్లు నరం తప్పినా. నువ్వు అరవకుండా పండుకొంటివి కాబట్టి నేర్చుకుంటి. నీ చేతి మీద నేర్చి అంజనమ్మకు వేసినా, మిగతావాళ్లకు వేసినా. వెంకటేశులుకు ఆ మొదటి చెయ్యి ఎవరియ్యాల?"

ఎవరో పిలిచారు. హేమ వెనక్కి తిరిగి, అర్థం కాని భాషలో ఏదో చెప్పి, ఫోను పెట్టేసింది.

శ్రీరంగప్ప తన ఎడమ చేతిని మోకాలి మీద పెట్టుకుని చూశాడు. మూడేళ్లుగా అతను దాన్ని హేమ నేసిన చీర అనుకున్నాడు. అది ఆమె మొదటి మగ్గం. తప్పుడు దెబ్బలన్నీ దాని మీదే పడ్డాయి. ఆ సంగతి ఆమెకు తెలుసు, నొప్పికి తెలుసు, అతనికి మాత్రం తెలియదు. తనకు జరిగినదాన్ని తాను ఇంతగా ఎరుగకుండా ఉండటం సాధ్యమేనా అని అతను దిగ్భ్రమతో కూర్చుండిపోయాడు.

శనివారం ఉదయం ఆటోలో పోయి, గడప దగ్గర ఆగకుండా మూడో నంబరు మంచం ఎక్కాడు. బరువు చూస్తే ఆరు కిలోలు ఎక్కువ ఉన్నాడు. వెంకటేశులు ఆ అంకె రాసుకున్నాడు. అంజనమ్మ మాత్రం ఊరుకోలేదు.

"వచ్చినాడమ్మా మొండోడు. నాకు బుధవారం రెండు మార్లు పొడిచినాడు ఈయప్ప. నీకు ఎన్నో చూస్తా."

"పైన వద్దు" అన్నాడు శ్రీరంగప్ప వెంకటేశులుతో. "ఆయమ్మ దారిలోనే వేయి."

"నాకు ఆ కోణం తెలీదన్నా. నరం చిరిగితే చెయ్యే పోతాది. మళ్ల మెడ నరంలో గొట్టం పెట్టాల."

"తెలీదు గాబట్టే. కండ్లు మూసుకుని వేలు పెట్టు. గుయ్యిమనేది యాడ సన్నమైతాదో చూడు. ఆడ సూదిని మోచేతి తట్టు వాల్చేది ఆయమ్మ. అంతే నేను చూసింది."

వెంకటేశులు నిజంగానే కళ్లు మూసుకున్నాడు. మొదటి సూది లోపల ఎక్కడో అడ్డం తిరిగింది. ముంజేయి మీద బొప్పి లేచింది. శ్రీరంగప్ప రెండో చేత్తో మంచం పట్టీ పట్టుకున్నాడు. వెంకటేశులు సూది తీసి, దూది ఒత్తి, చాలాసేపు పట్టుకున్నాడు. అతని నుదుటి మీది చెమట దుప్పటి మీద పడింది.

"పైన వేస్తానన్నా. నా మాటిను."

"మళ్ల చూడు."

రెండోసారి సూది కొంచెం వాలి, ఆగి, లోపలికి పోయింది. గొట్టంలో ఎరుపు కనిపించింది. ఇంకొక సూది మిగిలి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుంటున్న యువకుణ్ణి శ్రీరంగప్ప సూటిగా చూశాడు.

"నేర్చుకున్నంక నువ్వూ పోతావేమప్పా?"

వెంకటేశులు సూది మొన మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఏమో అన్నా" అన్నాడు. "ఇప్పుడైతే చెయ్యి కదిలించొద్దు."