అప్పలరాజు సోల్డరింగ్‌లో లోపం లేదు

2003 వేసవిలో మా సర్వీసు సెంటర్‌కి ఒక కొత్త రకం పని వచ్చింది. అప్పుడు నేను విశాఖపట్నంలో ఒక వీడియో గేముల కంపెనీలో సీనియర్ టెక్నీషియన్‌ని. మద్దిలపాలెం బస్ డిపో వెనక సందులో మా వర్క్‌షాపు ఉండేది. నగరంలోని గేమ్ హాళ్ళలో నిలువెత్తు యంత్రాలు పాడైతే బాగుచేయడం మా ఉద్యోగం. ఇళ్ళల్లోకి కంప్యూటర్లు వచ్చాక హాళ్ళు ఒక్కొక్కటే మూతబడ్డాయి. ఉప్పుగాలికి ఆట బోర్డులు చిలుం పట్టి పోయాయి గాని, జాయ్‌స్టిక్కులూ బటన్లూ మాత్రం గట్టిగానే ఉన్నాయి. వాటిని ఇంటి కంప్యూటర్లకు తగిలించి ఇమ్మని మేనేజరు ఆదేశం. ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం వేస్తే కంప్యూటరే పాత ఆట బోర్డులా పనిచేస్తుంది. కీబోర్డు మీద వేళ్ళతో కూడా ఆడొచ్చు. కానీ హాల్లో నిలబడి ఆడిన చేతికి అది ఆటలా అనిపించదు.

ఈ పనిలో నా కింద మెకానిక్ అప్పలరాజు. సముద్రం ఒడ్డున జాలరి కుటుంబంలో పుట్టినవాడు, నా ఈడువాడే. తొమ్మిదేళ్ళు ఒకే బల్ల మీద పనిచేశాం. అతని సోల్డరింగ్, అంటే సీసం కరిగించి వైర్లు అతికే పని, నమ్మదగింది కాదని తర్వాత మా లైనులో ఒక మాట స్థిరపడిపోయింది. ఆ మాట నా కలం నుంచి పుట్టింది. అది అబద్ధమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పని పద్ధతి ఇది. ఒక పాత కీబోర్డు విప్పితే లోపల అరచేయంత బోర్డు ఉంటుంది. దాని కొసలకు వైర్లు సోల్డర్ చేసి, ప్రతి వైరునూ జాయ్‌స్టిక్ కిందుండే చిన్న స్విచ్చులకు కలుపుతాం. స్విచ్చు నొక్కితే ఏదో ఒక అక్షరం నొక్కినట్టు కంప్యూటర్ అనుకుంటుంది. ఏ బటన్‌కి ఏ అక్షరమో నిర్ణయించి పటం గీయడం సీనియర్ పని. పటం ప్రకారం సోల్డర్ చేయడం మెకానిక్ పని. వైర్లు పొట్టిగా, శుభ్రంగా రావాలని పక్కపక్కనే ఉన్న కొసలు ఎంచుకుని నేను పటం గీశాను.

ఇలా జాయ్‌స్టిక్కులూ బటన్లూ బిగించిన మొదటి పెట్టె దువ్వాడలో ఒక ఇంటికి వెళ్ళింది. ఆయన కృష్ణా జిల్లా నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చిన ఫోర్‌మన్. పెళ్ళయిన కొత్తలో భార్యాభర్తలిద్దరూ ఆదివారాలు మా యంత్రాలున్న హాల్లో కొట్లాట ఆట ఆడేవారట. వారం తిరక్కుండానే పెట్టె వెనక్కి వచ్చింది. ఆడుతుంటే మధ్యలో బటన్లు పనిచేయడం లేదని ఫిర్యాదు.

మా పరీక్ష ఎప్పుడూ ఒకటే. ఒక్కో స్విచ్చూ నొక్కడం, పలికిందో లేదో చూడడం. అన్నీ పలికాయి. పనిచేస్తూ మధ్యలో మానేసే లోపానికి మా వాళ్ళు మొదట అనుమానించేది డ్రై సోల్డర్‌ని. అంటే పైకి అతికినట్టే ఉండి, లోపల పట్టు లేని అతుకు. జాబ్ కార్డులో 'కారణం' అనే గడిలో అదే రాశాను. అప్పలరాజు అన్ని అతుకులూ కరిగించి మళ్ళీ వేశాడు. పదిరోజులకు పెట్టె మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే రాశాను.

ఈసారి అతను సోల్డరింగ్ ఇనుము పక్కన పెట్టేశాడు.

"బావ, నా అతుకులు పట్టకారెట్టి లాగు. ఒక్కటూడినా నాను ఉద్యోగం మానెత్తాను."

"మరి కారణం ఏటంటావ్?"

"ఆళ్ళు మొగుడూ పెళ్ళాం కలిసి ఆడతన్నారు. నువ్వు ఒంటి ఏలుతో ఒక్కో బటనూ నొక్కుతన్నావ్. గేమాడినోళ్ళు అలా నొక్కుతారేటి? నువ్వో పక్క, నానో పక్క కూకుని ఒకేసారి నొక్కి సూద్దుం రా."

పన్నెండేళ్ళుగా ఇలాగే చూస్తున్నానని, నాకు పాఠాలు చెప్పొద్దని అన్నాను. అతను మూడోసారి అతుకులు వేశాడు.

తర్వాతి ఆదివారం నేనే పెట్టె తీసుకుని దువ్వాడ వెళ్ళాను. ఎంతసేపైనా కూర్చుని లోపం పట్టుకునే లేవాలనుకున్నాను. ఆడి చూపించమన్నాను. రెండు నిమిషాల్లో ఆవిడ నవ్వేసింది.

"నేను మూలకి జరిగి కిక్కు కొడితే ఈయన మనిషి ఎగరడండీ. ఓడిపోయినప్పుడల్లా పెట్టెదే తప్పంటారు."

"పెట్టెదేనే! సార్ చూస్తున్నారుగా!" అన్నాడాయన.

పెట్టె విప్పి మీటరు పెట్టాను. గంటలో తెలిసింది. గేమ్ యంత్రంలో ప్రతి స్విచ్చుకూ బోర్డు దాకా తన వైరు తనకుంటుంది. అన్నీ కలిపి నొక్కినా ఒకదానికొకటి అడ్డం రావు. అందుకే ఒక్కొక్కటీ చూస్తే సరిపోతుందని మా లైనులో అందరం అలవాటుపడ్డాం. కీబోర్డు అలాంటిది కాదు. అందులో అక్షరాలన్నీ కొన్ని అడ్డ గీతలనూ నిలువు గీతలనూ పంచుకుంటాయి. ఒక చతురస్రం మూడు మూలల్లో ఉన్న మూడు అక్షరాలు ఒకేసారి నొక్కితే, నాలుగోది నొక్కారో లేదో బోర్డుకి తెలియదు. అందుకని మూడోదాన్ని వదిలేస్తుంది. నా పటంలో ఆవిడ జాయ్‌స్టిక్కూ, ఆవిడ కిక్కూ, ఆయన ఎగరడమూ ఆ మూడు మూలల్లో ఉన్నాయి. టైపు చేసేవాళ్ళకు ఈ ఇబ్బంది రాదు. ఇద్దరు కలిసి ఆడేవాళ్ళకు ప్రతి నిమిషమూ వస్తుంది.

నాలుగు వైర్లు వేరే కొసలకు మార్చాను. ఆవిడ కిక్కు కొట్టింది, ఆయన మనిషి ఎగిరాడు. అప్పలరాజు చెప్పినట్టు చేసి ఉంటే పెట్టె రెండోసారి వచ్చిన రోజే ఇది బయటపడేది.

సోమవారం మూడో జాబ్ కార్డు రాయాలి. అప్పట్లో సూపర్‌వైజర్ పోస్టుకు నా పేరు వెళ్ళి ఉంది. పటం తప్పని రాస్తే పటం ఎవరు గీశారని మేనేజరు అడుగుతాడు. 'సోల్డరింగ్ లోపం, సరిచేయబడింది' అని రాసి సంతకం పెట్టాను. ఆ నెలలో ఒక మెకానిక్‌ని తగ్గించమని పైనుంచి ఉత్తరం వచ్చింది. మేనేజరు మూడు కార్డులు బల్లమీద పరిచి, "మరి ఇంకెవర్ని తియ్యమంటారండీ?" అని నన్నే అడిగాడు. నేను అడ్డు చెప్పలేదు, అప్పలరాజు ఉద్యోగం పోయింది. ఫిషింగ్ హార్బరు దగ్గర బోట్లకు వైర్‌లెస్ సెట్లు బాగుచేసే షాపులో అప్పలరాజు పని అడిగితే, ఆ యజమాని నాకు ఫోన్ చేశాడు. కార్డుల్లో ఉన్నదే చెప్పాను. పని ఇవ్వలేదు. అప్పలరాజు అన్నగారి బోటెక్కాడు.

నాలుగేళ్ళ తర్వాత, సూపర్‌వైజర్‌గా ఉండగానే, హార్బరుకు వెళ్ళాను. అతను వల దులుపుతున్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను చెయ్యి ఆపలేదు.

"నా అతుకులు సంగతి నాకు సెప్పడమేటి బావ? నాకప్పుడే తెలుసు. తెలీనోళ్ళకి సెప్పు."

వల దులుపుతూనే, "ఆవిడి కిక్కు ఇప్పుడు తగులుతందా?" అని అడిగాడు. తగులుతోందన్నాను.

ఆ సాయంత్రమే వైర్‌లెస్ షాపు యజమాని దగ్గరికి వెళ్ళి చెప్పాను. తర్వాత మేనేజరుకి, మా వర్క్‌షాపులో పనిచేసిన ప్రతివాడికీ చెప్పాను. మేనేజరు పాత కార్డులు ఎప్పుడో చింపేశామన్నాడు. షాపు యజమాని పని ఇస్తానని కబురు పెట్టాడు. అప్పలరాజు రానన్నాడు, అప్పటికి బోటులో అతనికి వాటా ఉంది. ఈ మార్చిలో నేను ఉద్యోగం మానేశాను. ఆ లైనులో ఉండి నాకు ముఖపరిచయం లేనివాళ్ళ కోసం ఇది రాశాను.

ఇద్దరు వాడే వస్తువును ఇద్దరు కూర్చునే పరీక్షించాలి. తనిఖీ చేసేవాడు గీసిన పటాన్ని ఇంకొకడు తనిఖీ చేయాలి. కారణం తెలియనప్పుడు 'తెలియదు' అని రాయాలి. తెలిశాక తెలిసిందే రాయాలి. మొదటి రెండు కార్డుల్లో నేను పొరబడ్డాను. మూడోదానిలో అబద్ధం రాశాను.