మిరప కళ్లం దిండు

"సూదులు ఆరే ఉన్నయ్యేందే?" అని పక్కింటి పిన్ని అనగానే గబుక్కున వెనక్కి తిరిగి చూశాను. ఆమె అప్పుడే దూది కూరి మూతి కుట్టిన దిండు మీద నా పిల్లలిద్దరూ దొర్లుతున్నారు.

మ్యాటీ గుడ్డ మీద ఊలు దారాలతో దిండు గలీబులు కుట్టడం పిన్నికి ఇష్టం. పుస్తకాల్లోని పూలు ఆమెకు నచ్చవు, తను చూసిందే కుట్టేది. రంగుకొకటి చొప్పున ఏడు సూదులు పెట్టుకునేది. వాటిని పైకి లెక్కపెట్టకుండా ఏనాడూ పీట మీద నుంచి లేవలేదు.

ఈ దిండు మీద ఉన్నది మాచర్ల రైల్లోంచి చూసిన మిరప కళ్లం. రెండు నెలలు కుట్టింది.

పిల్లల్ని లాగి ఒళ్లంతా తడిమాను. ఏమీ గుచ్చుకోలేదు. పిన్ని కత్తెర తీసుకుని ఎర్రటి కళ్లాన్ని అడ్డంగా కోసేసింది. దూదిలో సూది దొరికింది.

"మూతి కుట్టు విప్పితే పోయేదిగా పిన్నీ!"

"నీ మొహం చూసుకో, విప్పిందాకా ఆగేట్టుందా?" అని నవ్వింది. దొరికిన సూదిని మిగతా ఆరింటి పక్కన గుచ్చి, "ఇంక పిల్లల్ని పంపవులే" అంది మెల్లగా.

మర్నాడు పొద్దున్నే పిల్లలకు చెప్పాను: "త్వరగా తినండి. పక్కింటి అమ్మమ్మ మీకోసం చూస్తా ఉంటది."