గట్టు మీద పిల్లలు

మా తోడికోడలి కొడుకు ఊడ్పుల్లోనే, వరి నాట్లు వేస్తుండగానే పోయాడు. గట్టు మీద గోనెపట్టా పరిచి పడుకోబెట్టిన పిల్లాడు దొర్లుకుంటూ పక్కనున్న బోదె కాలువలో పడ్డాడు. మోకాలి లోతు కూడా లేని నీళ్లు. మేమందరం చేలో అవతలి మూల వంగి ఉన్నాం. పిల్లాణ్ణి ఇంటికి మోసుకుపోతుంటే, మిగతావాళ్లను ఆ మడి పూర్తిచేసి కదలమన్నాడు కామందు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మరుసటి ఏడు, యుద్ధం అయిపోయిన రోజుల్లో, రాజోలు నుంచి కూలీల సంఘం ఆయన సైకిలు మీద మా పేటకు రావడం మొదలుపెట్టారు. బక్కపలచటి మనిషి, ఓపిక మాత్రం దండిగా ఉండేది. మీకేం కావాలని అడిగితే ఆడవాళ్లందరం ఒకటే చెప్పాం. ఊడ్పులప్పుడు పిల్లల్ని చూసుకోడానికి ఒక ముసలామెను గట్టు మీద కూర్చోబెట్టాలి, ఆమెకూ మాతో సమానంగా కూలి ఇవ్వాలి.

"ఈ మాట నేనడగనమ్మా, మీలోనే ఒకరు అడగాలి. రేపు నేను లేకపోయినా మీకు నోరుండాలి కదా" అన్నారు.

మా తోడికోడల్నే ఎంచుకున్నాం. ఊడ్పుల్లో పాట ఎత్తుకునేది ఆవిడే. ఆవిడ ఎత్తుకుంటే వరసంతా అందుకునేది.

ఆవిడకు మాట్లాడటం నేర్పడానికి ఆయన కాలువ అవతలి గట్టుకు వెళ్లి నిలబడి, అక్కడికి వినపడేలా చెప్పమనేవారు. లేని మీసం దువ్వుతూ కామందులా దబాయించేవారు. మేం పడీ పడీ నవ్వేవాళ్లం. "మీ పిల్లల్ని మీరు చూసుకోలేరా?" అని ఆయనంటే, "చూసుకుంటామండి, మీ చేను మీరు ఊడ్చుకోండి" అని తడుముకోకుండా అనేసిందావిడ. ఒకరే మాట్లాడాలి, మిగిలినవాళ్లు మధ్యలో దూరకూడదని మాకూ మరీమరీ చెప్పారు. ఆయ్ అన్నాం.

కామందు మమ్మల్ని రమ్మన్న రోజు మా మామగారిని ముందే పిలిపించాడు. ఆ ఇంట్లో పాలేరుగా నడుం వంగిపోయిన మనిషి ఆయన, ఏనాడూ అరుగెక్కి ఎరగరు. ఆ రోజు మాత్రం ఆయన్ని అరుగు మీద తన పక్కనే బల్ల మీద కూర్చోబెట్టుకున్నాడు.

"ఏదో అడగాలన్నారంట కదమ్మా, అడుగు. మీ మావగారు కూడా వింటారు" అన్నాడు, ఎంతో మర్యాదగా.

మా ఇళ్లల్లో కోడలు మామగారి ఎదుట నిలబడదు, ఆయన వినేలా గొంతెత్తదు. అన్నం వేళయిందని చెప్పాలన్నా గోడ చాటు నుంచి పిల్లలతో చెప్పించేవాళ్లం. ఆవిడ కొంగు నెత్తి మీదికి లాక్కుని తల వంచేసింది. నేనూ ఆయన కోడల్నే, నా తలా వంగిపోయింది. మిగిలినవాళ్లు ఆవిడ మొదలుపెడుతుందని చూస్తూ నిలబడ్డారు. మధ్యలో దూరకూడదనే కదా నేర్చుకున్నది. మామగారు తన పాదాలకేసి చూసుకుంటూ కూర్చున్నారు. "చెప్పమ్మా" అని ఒక్క మాట అనొచ్చు కదా, అనలేదు. ఆయన పోయేదాకా నాకా కోపం తగ్గలేదు.

"ఏమీ లేదన్నమాట. వెళ్లి రండి" అన్నాడు కామందు.

తర్వాత సంఘం ఆయన వచ్చి, "ఫరవాలేదమ్మా, ఈసారి ఇంకా బాగా తయారవుదాం" అన్నారు. మంచివారే. మా గురించి అన్నీ అడిగారు గాని, మా ఇళ్లల్లో ఎవరి ముందు ఎవరు మాట్లాడరో అడగలేదు. చెప్పాలని మాకూ తోచలేదు.

మా తోడికోడలు గుమ్మంలోంచే అడిగింది. "ఈసారి మా మావగార్ని ఎక్కడ కూచోబెడతారండి?"

కొన్నాళ్లకు సంఘాల మీద సర్కారు నిర్బంధం వచ్చి, ఆయన మా పేటకు రావడమే ఆగిపోయింది.

ఆ ఏటి ఊడ్పులకు నా కూతురు పాకే వయసుది. దాని కాలికి కొబ్బరితాడు కట్టి, రెండో కొస గట్టు మీద గుంజకు బిగించి చేలో దిగాను. అది తాడు సాగినంత దూరం బోదె వైపు పాకి, అక్కడ ఆగి ఏడ్చేది. ఏడుపు వినపడుతున్నంతసేపూ నాకు ధైర్యంగా ఉండేది. మా తోడికోడలు నా పక్కనే వంగి నాట్లు వేసేది. ఏడుపు ఆగినప్పుడల్లా నాకంటే ముందు ఆవిడే తలెత్తి గట్టుకేసి చూసేది.