బ్యాంజోకి అమ్మ కుట్టిన పట్టీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరూ ఎప్పుడూ అలిసిపోయే ఉండేవారు. అమ్మ గుంటూరు దగ్గర మిషన్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వదిలి, నాన్ననీ నన్నూ వెంటబెట్టుకుని నార్త్ కరొలైనాలో ఒక చిన్న ఊరి ఆసుపత్రికి వచ్చింది. ఆవిడది రాత్రి డ్యూటీ, నాన్నది పగటి డ్యూటీ. ఒకరు లోపలికొస్తుంటే ఇంకొకరు కోటు తొడుక్కుంటూ గుమ్మంలో ఎదురయ్యేవారు. ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉంటారు గనక నేను పిల్లిలా నడవడం నేర్చుకున్నాను.

అలాంటి ఇంటికి బ్యాంజో రావడం విడ్డూరమే. పక్కింట్లో ఉండే తెల్లాయన మిల్లు పని మానేశాక సాయంత్రాలు వరండాలో కూర్చుని అది వాయించేవాడు. ఆయన్ని నేను అంకుల్ అనేదాన్ని. మెట్ల మీద కూర్చుని నెలల తరబడి వినేసరికి, ఆయన తన దగ్గరున్న పాతది ఒకటి నా ఒళ్లో పెట్టాడు. గుండ్రటి డప్పుకి పొడుగాటి కాడ తగిలించినట్టుంటుంది. కూర్చుంటే ఒడి కాస్తుంది గానీ నిలబడితే భుజానికి పట్టీ కావాలి. ఆయన తోలుపట్టీ నాకు మోకాళ్లదాకా వేలాడింది. నీకు వెడల్పాటిది, బట్ట మీద జారనిది చూసుకో, కొసల్లో ఇనుము ఉంటే చెక్క గీసుకుపోతుంది అని మాత్రం చెప్పాడు.

ఆ సంగతి ఇంట్లో చెబితే అమ్మ, "కొనడం ఎందుకే, నేను కుట్టనా?" అంది. మా క్రైస్తవుల పెళ్లిళ్లలో పెళ్లికూతురిది తెల్లపట్టు చీర. అమ్మ తన చీరని పెట్టె అడుగున దాచి ఇంత దూరం తెచ్చుకుంది. దాని అంచు కోసి, మడిచి, రెండు వేళ్ల వెడల్పున పట్టీ కుట్టేసింది. వెండి జరీ మెరుస్తుంటే నేను ఎగిరి గంతేశాను. ఇంకో ఆలోచన లేకుండా కత్తెర వేసిందంటే ఆవిడకి ఎంత ముచ్చటగా ఉందో ఇప్పుడు అర్థమవుతుంది.

ముచ్చట ఎందుకంటే, ఈస్టర్ వస్తోంది. చుట్టుపక్కల ఊళ్లలోని తెలుగు కుటుంబాలం నెలకోసారి ఒకరింట్లో ప్రార్థనకి కలిసేవాళ్లం. ఈస్టర్ నాడు మా అమ్మాయి నిలబడి ఒక కీర్తన వాయిస్తుందని అమ్మ అందరికీ చెప్పేసింది. ఆ మాట చెప్పినప్పుడు మాత్రం ఆవిడ ముఖంలో అలసట కనపడేది కాదు.

తీరా చూస్తే పట్టుబట్ట నున్నగా జారుతుంది. పట్టీ భుజం మీంచి జారడం, కాడ నేలకి వాలిపోవడం, నేను ఎడమచేత్తో దాన్ని పైకి ఎత్తి పట్టుకోవడం. బరువు మోస్తున్న చేతికి తీగలు నొక్కడం ఎలా కుదురుతుంది? బొటనవేలు పీకేది. జరీ రాసుకుని భుజం మీద ఎర్రటి చార తేలింది. పెళ్లిచీర కోసి ఇచ్చిన మనిషికి ఇది పనికిరాదని ఏ నోటితో చెప్పను? ఈస్టర్‌కి నేను వాయించనమ్మా అన్నాను. అమ్మ కోప్పడలేదు. "సరేలే" అని డ్యూటీకి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

మర్నాడు నాకు బడి సెలవు. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, తెల్ల యూనిఫాం మార్చుకోకుండానే నాకు జడ వేయడానికి కూర్చుంది. జుట్టు పక్కకి తీసినప్పుడు ఆ చార కనపడింది. బ్యాంజో తెచ్చి తగిలించుకోమంది.

"ఇప్పుడు చేతులు రెండూ వదిలెయ్."

"పడిపోద్దమ్మా."

"నేనున్నాగా. వదులు."

వదిలాను. కాడ ఒక్కసారిగా వాలింది, పట్టీ భుజం దిగిపోయింది. మంచం మీంచి జారే పేషెంట్‌ని పట్టుకున్నట్టు అమ్మ రెండు చేతులూ చాచి పట్టేసుకుంది. నాకు ఏడుపొచ్చింది.

"వాయించనన్నది ఇందుకా? మా వార్డ్‌లో అమ్మో నొప్పి అని అరిచేవాళ్లతో నాకు భయం లేదే. వాళ్లకి ఏదో ఒకటి చేస్తాం. బానే ఉన్నా సిస్టర్ అంటారు చూడు, వాళ్లని వదిలి పక్కకి కదల్లేను."

నిద్ర మానుకుని తన పాత నేతచీర ఒకటి చింపింది. నాలుగు వేళ్ల వెడల్పున మడతలు వేసి, భుజానికి తగిలేవైపు నూలు, పైకి కనపడేవైపు పట్టు వచ్చేలా కుట్టింది. కొసలకి గుడ్డ తాళ్లు పెట్టింది. డప్పు చుట్టూ ఉండే చిన్న కొక్కేల్లో, ఒక తాడు కాడ మొదట్లో ఉన్నదానికి, రెండోది అడుగువైపు దానికి కట్టి చేతులు వదలమంది. కాస్త వాలితే కొక్కెం మార్చి కట్టి మళ్లీ వదలమంది. చివరికి నిలబడినా కూర్చున్నా బ్యాంజో పొట్టకి ఆనుకుని ఉన్నచోటే ఉంది. ఎడమచెయ్యి తేలికైపోయింది, ఇన్నాళ్లూ ఎందుకు మోశానా అనిపించింది.

ఆ మాట చెబుదామని చూస్తే అమ్మ సూది పట్టుకునే కుర్చీలో కునుకు తీస్తోంది. రెండో చెయ్యి తన కుడి భుజాన్ని పట్టుకునే ఉంది. ఆ చెయ్యి రోజూ అక్కడే ఉండేది. నొప్పా అని నాన్న అడిగినప్పుడల్లా ఆవిడ ఏమనేదో నాకు గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లి, ఆ చెయ్యి మెల్లగా తీసేసి, భుజం పట్టబోయాను. అమ్మ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

"ఏం లేదే, బానే ఉన్నా," అంది.

అని, ఆగిపోయింది. సూది బల్ల మీద పెట్టి, చేతులు రెండూ ఒళ్లో వదిలేసి, తల దించుకుని చెప్పింది.

"ఇక్కడ కాదు. కొంచెం కిందకి. చాలా నొప్పిగా ఉందే."

ఈస్టర్ నాడు కీర్తన వాయించాను, రెండు చోట్ల తప్పాను, అందరూ మెచ్చుకున్నారు. అమ్మ ఇప్పుడు లేదు. నేను అదే రాష్ట్రంలో క్యారీ అనే ఊళ్లో ఉంటున్నాను, ఉద్యోగం నుంచి రిటైరయ్యాను, నా భుజాలూ అరిగిపోయాయి. మా అమ్మాయి రోజూ ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తూ ఫోన్‌లో ఎలా ఉన్నావని అడుగుతుంది. నోటిదాకా 'బానే ఉన్నా' వచ్చేస్తుంది. అప్పుడు అమ్మ దించుకున్న తల కళ్లముందుకొస్తుంది. ఒక్క క్షణం ఆగి, ఎక్కడ నొప్పిగా ఉందో చెబుతాను.