మాత్రకి ముహూర్తం

మా ఆయన పురోహితులు. ఏలూరులో మా వీధి వాళ్లకి, తాడేపల్లిగూడెంలో కొన్ని ఇళ్లకి, గణపవరం వైపు చేపల చెరువుల వాళ్లకి, కొల్లేటి లంకల్లో ఇంకొంతమందికి ఆయన పెట్టిందే ముహూర్తం. బండికి కొత్త టైరు వేయించాలన్నా ఫోన్ చేసి అడిగేవాళ్లున్నారు. ఆయన చేయించే పెళ్లిళ్లలో పెళ్లికూతురికి పూలజడ నేను కుడతాను. మంత్రం తప్పితే కనిపెట్టేవాళ్లు ఎవరూ ఉండరు గానీ, జడ వంకరపోతే పందిట్లో ఉన్న ఆడవాళ్లందరికీ తెలిసిపోతుందని ఆయన్ని ఏడిపిస్తూ ఉంటాను.

పూలజడ కుట్టడం చూడ్డానికి సులువే. అట్టముక్కకి గుడ్డ చుట్టి, దాని మీద మల్లెమొగ్గల్ని ఒకదాని పక్కన ఒకటి సూదితో కుట్టుకుంటూ పోవడమే. కాకపోతే మొగ్గ విచ్చుకోకముందే పని అయిపోవాలి. పెళ్లివాళ్లు ఆగినా మొగ్గ ఆగదు. వేళ్లు చురుగ్గా ఉండాలి.

పోయిన ఏడాది వానాకాలంలో ఆ వేళ్లే మొరాయించాయి. పొద్దున్న లేచేసరికి పిడికిలి ముడుచుకునేది కాదు. పాల ప్యాకెట్టు పళ్లతో చింపుకోవాల్సి వచ్చేది. ఎండెక్కాక కాస్త సర్దుకునేవి. దానికి తోడు నీరసం, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడటం, అన్నం సయించకపోవడం. పని ఎగ్గొట్టడానికి ఇంతకన్నా మంచి వంక దొరకదు, కానీ నాకు పని ఎగ్గొట్టాలని లేదు. వైశాఖంలో తాడేపల్లిగూడెంలో మా చెల్లెలి కూతురి పెళ్లి. "దొడ్డమ్మా, నా జడ నువ్వే కుట్టాలి. పార్లర్ వాళ్లు తెచ్చేది నేను పెట్టుకోను" అని అది తాంబూలాలనాడే అందరి ముందూ చెప్పేసింది.

సలహాలకి లోటు లేదు. వావిలాకు కాచిన నీళ్లు పోసుకోమన్నారు ఒకరు, నల్లేరు పచ్చడి తినమన్నారు ఇంకొకరు. వంకాయ మానేయమన్నారు, దుంపలు మానేయమన్నారు. చివరికి గోంగూర కూడా మానేయమనేసరికి ఇక బతకడం దేనికనిపించింది. ముహూర్తం పెట్టించుకోవడానికి కొల్లేటి వైపు నుంచి వచ్చిన చేపల చెరువు ఆసామి ఒకాయన నా చేతులు చూసి చాలా జాలిపడ్డాడు. "కొర్రమీను పులుసు తాగితే కీళ్లు వెన్నలా అయిపోతాయండీ. మీరు తినరు కదండీ, అదే బాధండీ" అన్నాడు. "వెన్న తింటాం లెండి" అన్నాను.

చివరికి ఏలూరులోనే కీళ్ల డాక్టరమ్మ దగ్గరకి వెళ్లాం. ఆవిడ రక్తపరీక్షలు చూసి, ఇది వయసుతో వచ్చే అరుగుదల కాదన్నారు. "పిట్టల్ని తోలమని చెరువు మీద కాపలావాణ్ణి పెట్టారనుకోండి. వాడు పిట్టల్ని వదిలేసి చేపల మీద రాళ్లేస్తున్నాడు. ఈవిడ ఒంట్లో జరుగుతున్నది అదేనండీ" అని మా ఆయనకి విడమరిచి చెప్పారు. "రోగాల్ని తరమాల్సిన శక్తి సొంత కీళ్ల మీదే పడింది. అందుకే ఈ వాపు. ఈ నీరసం, జ్వరం కూడా దాని పుణ్యమే. వదిలేస్తే ఎముకని తినేస్తుంది. కళ్లకీ, ఊపిరితిత్తులకీ, గుండెకీ కూడా పాకొచ్చు." తర్వాత ఒక మాత్ర పేరు రాసి, ఇది రోజూ కాదు, వారానికి ఒక్కసారే వేసుకోవాలని గట్టిగా చెప్పారు. "ఏ రోజన్నది మీరే చూసుకోండి" అన్నారు.

ఆ మాట పురోహితుడి ఎదుట అనకూడదని పాపం ఆవిడకేం తెలుసు.

మా ఆయన ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని పంచాంగం తీశారు. ఔషధసేవకి అశ్విని మంచిది, పుష్యమి మంచిది, హస్త మంచిది. పైగా నా జన్మనక్షత్రానికి తారాబలం కుదరాలి, వర్జ్యం తగలకూడదు. మొదటి మాత్ర ఒక గురువారం దివ్యంగా పడింది. మరుసటి గురువారం అష్టమి. అది దాటించి, నవమి కూడా దాటించి, శనివారం ఇచ్చారు. మళ్లీ శనివారం దాకా ఆగితే తార కుదరదని ఆ వచ్చే బుధవారమే వేసేశారు.

"ఒకసారి మొదలుపెట్టాక ప్రతిసారీ చూడటం దేనికండీ?" అన్నాను.

"వారానికోసారి వేసుకునేది ప్రతిసారీ కొత్తగా మొదలుపెట్టినట్టే లెక్క. నీకు తెలీదు, ఊరుకో" అన్నారు.

తూర్పుకి తిప్పి కూర్చోబెట్టి, శ్లోకం చదివి మరీ మాత్ర నా చేతిలో పెట్టేవారు. నాకు నవ్వొచ్చేది, ముచ్చటగానూ ఉండేది. ఇన్నేళ్ల కాపురంలో నా ఒక్కదాని కోసం ఆయన అంతసేపు పంచాంగం చూడటం అదే మొదలు.

మాఘం వచ్చినా వేళ్లు బాగుపడలేదు. ఒకరోజు చూద్దామని నందివర్ధనం మొగ్గలు కోసుకొచ్చి, అట్టముక్క ముందు పెట్టుకుని కూర్చున్నాను. సూది చేతిలోంచి జారిపోతోంది. ఒక్క వరస పూర్తికాకుండానే కళ్లనీళ్లు తిరిగాయి. నొప్పికి కాదు, భయానికి. ఈ చేతులతో ఇక జడ కుట్టలేనేమోనని ఆ రోజే మొదటిసారి అనుకున్నాను. చెల్లెలికి ఫోన్ చేసి పార్లర్ వాళ్లతో మాట్లాడుకోమన్నాను. పెళ్లికూతురు ఫోన్ లాక్కుని, "జడ లేకుండానే పీటల మీద కూర్చుంటాను దొడ్డమ్మా, నువ్వేం బెంగపెట్టుకోకు" అంది. అది ఓదార్పో బెదిరింపో నాకు అర్థం కాలేదు.

డాక్టరమ్మ కొత్త రిపోర్టులు చూసి మొహం చిట్లించారు. మందు పనిచేసినట్టు లేదు, ఇంజక్షన్లకి మారాలేమో అన్నారు. రాయబోయి ఆగి, "మాత్ర ఏ వారం వేసుకుంటున్నారండీ?" అని అడిగారు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఎంతో వినయంగా, కాస్త గర్వంగా కూడా, "వారం ఒక్కటీ చూస్తే చాలదు కదండీ. తిథి, తారాబలం, వర్జ్యం అన్నీ చూసే ఇస్తున్నానండీ" అన్నారు.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత కోపం లేకుండానే చెప్పారు. "పంతులుగారూ, నేను ఇల్లు కట్టుకుంటే మీరు చెప్పిన ఘడియకి గుమ్మంలో నిలబడతానండీ. ఈ ఒక్కటీ నాకు వదిలేయండి. రెండు మాత్రలు దగ్గరగా పడితే రక్తకణాలు పడిపోతాయి. దూరంగా పడితే వాపు మళ్లీ లేస్తుంది. ఇక నుంచి ఆదివారం. తిథి ఏదైనా సరే, ఆదివారమే."

ఆయన తలూపారు. ఇంటి దగ్గర బండికి స్టాండు వేస్తూ, "రక్తకణాలు పడిపోతాయన్నారు కదూ?" అని నెమ్మదిగా అడిగారు. "పడలేదు కదండీ, రిపోర్టులో బాగానే ఉన్నాయిగా" అన్నాను.

ఆ తర్వాత ఓ ఆదివారం చంద్రగ్రహణం వచ్చింది. పొద్దుటి నుంచీ ఆయన ఫోన్ మోగుతూనే ఉంది. పచ్చళ్ల జాడీలు, పాలగిన్నె, నీళ్ల బిందె, అన్నిటి మీదా దర్భలు వేశారు. సాయంత్రం టీ తాగొచ్చాండీ అని గణపవరం నుంచి ఎవరో అడిగారు. "తాగకూడదమ్మా, పట్టు మొదలయ్యాక ఏమీ పుచ్చుకోకూడదు" అని ఫోన్‌లో చెబుతూనే, రెండో చేత్తో పెరుగన్నం కంచం తెచ్చి నా ముందు పెట్టారు. కంచం పక్కన మాత్ర.

"గ్రహణం పూటా?" అన్నాను.

"రోగులకి దోషం లేదని శాస్త్రంలోనే ఉంది, తిను" అన్నారు.

ఎప్పటి నుంచో ఉన్న శాస్త్రం ఆయనకి ఆ పూటే దొరికింది. ఆ పెరుగన్నం తింటుంటే నాకు ఆయన మీద ఎంత ప్రేమ పొంగిందో ఈ వయసులో చెప్పుకుంటే బాగుండదు. పొంగిన మాట మాత్రం నిజం.

వైశాఖానికి వేళ్లు మాట వినడం మొదలుపెట్టాయి. పెళ్లినాడు చెల్లెలి ఇంట్లో తడిగుడ్డ మీద మొగ్గలు పోసుకుని కూర్చున్నాను. మునుపటంత వేగం లేదు. మధ్యమధ్యలో ఆగి, చేతులు వేడినీళ్లలో ముంచుకుని మళ్లీ కుట్టాను. చివరి వరస దగ్గర మొగ్గలు నోరు తెరవబోతుంటే నేనే గెలిచాను. మా పిల్ల జడ ముందుకి వేసుకుని అద్దంలో చూసుకుంటూ ఏడ్చింది. కాటుక పాడవుతుందని నేను కసిరి, పక్కకి వెళ్లి నేనూ ఏడ్చాను.

చేతులు కడుక్కుంటుంటే మా ఆయన వచ్చి నా ఎడమచేయి పట్టుకుని చూశారు. నాలుగు వేళ్లు తిన్నగానే ఉన్నాయి. ఉంగరపు వేలు ఒక్కటీ కొస దగ్గర వంగిపోయింది. కీలు ఒకసారి దెబ్బతింటే ఇక తిరిగి రాదని డాక్టరమ్మ నాకు విడిగా చెప్పారు. అది వంగింది మందు మొదలుపెట్టాకే, ఆయన నక్షత్రాలు చూసి మాత్ర ఇచ్చిన రోజుల్లోనే.

"ఇది ఎప్పుడు వంగిందే?" అన్నారు.

"వానాకాలంలోనేనండీ. అసలు డాక్టరమ్మ దగ్గరకి వెళ్లకముందే" అన్నాను.

ఆయన ఇంకాసేపు ఆ వేలినే చూసి, గట్టిగా ఊపిరి వదిలి, ముహూర్తం దగ్గర పడుతోందని అందర్నీ తొందరపెడుతూ పందిట్లోకి వెళ్లిపోయారు. ఆయన పంచాంగం తప్ప ఇంకేదీ చదవరు. అందుకే ఇక్కడ ఉన్నదున్నట్టు రాశాను.