దిగువమెట్ట ఆంజనేయుడి ఎడమకన్ను

ఇప్పటి పిల్లలు విమానంలో కూర్చున్నా కిటికీ వైపు చూడరు గానీ, కర్నూలు రాజధానిగా వెలిగిన ఆ రోజుల్లో మా ఆళ్లగడ్డలో రైలెక్కినవాడంటే నలుగురిలో ఒక లెక్క. మా ఊరికి రైలు లేదు. శిరివెళ్ల మీదుగా బస్సులో దుమ్ము తింటూ నంద్యాల చేరితే అక్కడ ఉండేది, మీటరుగేజి పట్టాల మీద పొగ వదులుతూ. గాజులపల్లె దాటాక అది నల్లమల ఎక్కేది. కొండను తొలిచిన బొగదా, లోయ మీద దొరల కాలంలో కట్టిన ఎత్తైన ఇనుప వంతెనా దాటుకొని, అవతల దిగువమెట్టలో ఊపిరి పీల్చుకునేది. చిన్న కొండ ఊరది. దానికి ఉన్న పేరంతా ఆ రైలుదారి వల్ల వచ్చిందే. వంతెన మీద నుంచి కిందికి చూసినవాడు తిరిగొచ్చి మా అరుగు మీద కూర్చుంటే, వాడు ఏం చెప్పినా నమ్మేవాళ్లం. నాకు పంతొమ్మిదేళ్లు నిండినా రైలెక్కింది లేదు. అయినా వంతెన గురించి అందరికీ వర్ణించి చెప్పేవాణ్ణి (చూసినవాళ్లు చెప్పేదాని కంటే నేను చెప్పేదే బాగుంటుందని ఊళ్లో పేరు).

మాది శిల్పుల ఇల్లు. నాయన రాతిని చెక్కేవాడు, నేను నాయన చేత తిట్లు తినేవాణ్ణి. ఆ ఏడు దిగువమెట్టలో పట్టాల పని చేసే గ్యాంగు కూలీలు లైను పక్కన చిన్న గుడి కట్టుకొని, మా దగ్గర రెండడుగుల ఆంజనేయస్వామిని చేయించుకున్నారు. వాళ్ల మేస్త్రి వచ్చి విగ్రహాన్ని గడ్డిలో పెట్టి, గోనె చుట్టి ముందే తీసుకుపోయాడు. అప్పటికి స్వామికి కంటిపాపలు లేవు. మా పనిలో అదే పద్ధతి. ఒళ్లంతా ఇంటి దగ్గర చెక్కుతాం, కళ్లు మాత్రం ప్రతిష్ఠ నాడు గుళ్లోనే, ముహూర్తానికి శిల్పి పోయి తెరవాలి. తెరిచీ తెరవగానే స్వామి తొలిచూపు మనిషి మీద పడకూడదు. ఎదురుగా కొత్త అద్దం పట్టాలి, తన రూపాన్ని తానే చూసుకోవాలి. అంతకు ముందు ఆ అద్దంలో ఎవరూ ముఖం చూసుకొని ఉండకూడదు. ఇదంతా ముప్పైయేళ్లుగా నాయన చేసే పని. సరిగ్గా ప్రతిష్ఠ రెండు రోజులు ఉందనగా ఆయనకు నడుం పట్టేసింది. నన్ను మంచం దగ్గరికి పిలిచి ఉలి, సుత్తి, కొత్త గుడ్డలో చుట్టిన అద్దం చేతికిచ్చాడు.

"కండ్లు రెండు. ఒగటి చెడినా ఇంగొగటి పనికిరాదు. ముప్పైయేండ్ల పేరు నీ చేతిలో పెడతాండా. తెలిసిందా?"

"తెలిసింది నాయనా."

"ఏం తెలిసింది?"

"కండ్లు రెండని."

నాయన తల గోడవైపు తిప్పుకున్నాడు.

నంద్యాలలో రైలెక్కి కిటికీ పక్కన చోటు పట్టాను. ఎదురుగా గిద్దలూరు పోయే ముసలాయన ఒకడు కునుకుతున్నాడు. గాజులపల్లె దాటేదాకా బుద్ధిగానే ఉన్నాను. తర్వాత ఒక ఆలోచన పట్టుకుంది. దిగువమెట్టలో జనం శిల్పి వస్తాడని ఎదురుచూస్తుంటారు. నన్ను చూస్తే శిల్పి అనుకుంటారా, శిల్పి సంచి మోసేవాడు అనుకుంటారా? అంతా మీసం మీద ఆధారపడి ఉంది. మీసం ఎట్లా ఉందో చూడాలంటే అద్దం కావాలి. అద్దం సంచిలోనే ఉంది. కుదుపులకు పగిలిందేమో చూద్దామని గుడ్డ విప్పాను (అని నాకు నేను చెప్పుకున్నాను). పగల్లేదు. మీసం మాత్రం వానల్లేని ఏడు మొలిచిన కొర్రపైరులా అక్కడొకటి ఇక్కడొకటి ఉంది. ఎడమనుంచి చూశాను. కుడినుంచి చూశాను. వెలుతురు కోసం కొంచెం పైకెత్తి చూశాను. అంతలో అద్దం, మీసం, కిటికీ, ముసలాయన అన్నీ ఒక్కసారి మాయమైపోయాయి. కళ్లు భగ్గుమన్నాయి. బొగద గురించి ఊరందరికీ చెప్పినవాణ్ణే గానీ, ఆ క్షణంలో బొగద గుర్తుకు రాలేదు. చూడకూడని అద్దంలో చూసుకున్నందుకు స్వామి నా కళ్లు లాగేసుకున్నాడనే అనుకున్నాను.

"నా కండ్లు పోయినాయప్పో" అని లేచి నిలబడ్డాను.

చీకట్లోంచి ముసలాయన గొంతు వినిపించింది. "కండ్లు యాడికీ పోలేదు. కొండలో పోతాండాం. గమ్మున కూచో."

వెలుతురు వచ్చేసరికి అద్దం నా కాళ్ల దగ్గర నాలుగు ముక్కలై పడి ఉంది. ఇక వంతెనంటారా, మీసం చూసుకుంటున్నప్పుడు దాటిందో, ముక్కలు ఏరుకుంటున్నప్పుడు దాటిందో ఇప్పటికీ నాకు తెలియదు.

దిగువమెట్టలో దిగగానే మేస్త్రితో "అద్దం బొగదలో పగిలిందన్నా" అన్నాను. అబద్ధం కాదు. ఎందుకు పగిలిందని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ముహూర్తం మర్నాడు పొద్దున. కొత్త అద్దం కావాలంటే గిద్దలూరు పోవాలి, పోయి ముహూర్తానికి తిరిగొచ్చే బండి లేదు. ప్రతిష్ఠ చేయించడానికి అహోబిలం నుంచి ఒక స్వామి వచ్చి ఉన్నాడు. గుడి ముందు అందరూ గుమిగూడారు.

"మా ఇంట్లో అద్దముండాది స్వామీ" అన్నాడు మేస్త్రి.

"అందులో ఎవరూ ముఖం చూసుకోలేదా?" అన్నాడు స్వామి.

మేస్త్రి గడ్డం గోక్కున్నాడు. నున్నగా గీసిన గడ్డం.

"అద్దం లేకపోతే ఆవూదూడను నిలపవచ్చు" అన్నాడు స్వామి.

"పులి భయానికి ఆవుల్ని కిందూళ్లకు తోలినాం స్వామీ. మేకలుండాయి."

స్వామి మేకల మాట విననట్లు పంచాంగం తిప్పాడు. నా కళ్ల ముందు మంచం మీద గోడవైపు తిరిగిన నాయన తలే కనిపిస్తోంది. అప్పుడు చంకలో బిడ్డతో నిలబడి ఉన్న ఒకామె, లైను వెంట నడిచి పట్టాలు చూసే కీమాన్ పెండ్లాం, మాట్లాడింది. "పొద్దున నంద్యాల దిక్కునుంచి బండి వస్తాది గదా స్వామీ. దాన్నే సూడనీయండి. మాకు కూడు పెట్టేది అదే."

ఎవరూ నవ్వలేదు. స్వామి పట్టాలవైపు చూశాడు. "దసరాకు ఇంజనుకు బొట్టు పెడతారా?" అని అడిగాడు.

"పెడతాం. నిమ్మకాయలు గూడా కడతాం" అన్నాడు మేస్త్రి.

"అయితే సరే" అన్నాడు స్వామి. నాకు అక్కడే ఆయన కాళ్ల మీద సాగిలపడాలనిపించింది. శిల్పిననే సంగతి గుర్తొచ్చి ఆగాను.

మర్నాడు కుడికన్ను వెన్నలా వచ్చింది. నాయన చూస్తే తిట్టడానికి ఏమీ దొరకదు. ఎడమకంటికి ఆఖరి దెబ్బ ఒక్కటి మిగిల్చి (రెండో కన్ను తెరిస్తే గానీ విగ్రహానికి చూపు రాదని మా లెక్క), ఉలి ఆనించి, బండి కోసం చెవులు రిక్కించాను. బండి రాలేదు. స్వామి మంత్రం ఒకసారి పూర్తిచేసి మళ్లీ మొదలుపెట్టాడు. నా చేయి తిమ్మిరెక్కింది. ముహూర్తం దాటిపోతుందనగా మలుపు అవతల కూత వినిపించింది. నేల అదిరింది, గుడి అదిరింది, రాయి అదిరింది, దాని మీది ఉలి అన్నిటికంటే ఎక్కువ అదిరింది. కొట్టి పక్కకు దూకాను. ఇంజను గుడి ఎదుటికి వచ్చింది. డ్రైవరు జనాన్ని చూసి చేతులెత్తి మొక్కాడు. ఆంజనేయస్వామి తొలిచూపు దాని మీద పడింది, కుడికన్నుది నేరుగా, ఎడమకన్నుది కొంచెం వారగా. ఎందుకంటే ఎడమపాప నువ్వుగింజంత పక్కకు జరిగిపోయింది.

బండి పోయాక మేస్త్రి దగ్గరికొచ్చి వంగి చూశాడు. "ఏమప్పా, ఈ కన్ను అట్ల పోయిందే?"

రాయిలో జరిగిన పొరపాటుకు మందు లేదు. మా ఇంటి పేరు ఆ పూటతో ముగిసిందనుకున్నాను. ఆ కీమాన్ పెండ్లామే ముందుకొచ్చి తేరిపార చూసింది.

"మలుపు దిక్కు సూస్తాండాడు" అంది. "మా ఆయన ఆడ ఒంటిగా నడుస్తాంటాడు. ఎనకనుంచి బండి వస్తాందా లేదా అని ఎవురో ఒగరు సూడాల గదా."

మేస్త్రి మళ్లీ చూసి, చెంపలు వేసుకున్నాడు. ఆ వెనక అందరూ వేసుకున్నారు. నేనైతే రెండుసార్లు వేసుకున్నాను.

ఇంటికి వచ్చి "బాగా జరిగింది నాయనా" అన్నాను. నడుం బాగయ్యాక నాయన ఏదో పని మీద గిద్దలూరు పోయి, దారిలో దిగువమెట్టలో దిగాడట. తిరిగొచ్చి అన్నం తింటూ అడిగాడు.

"ఆ ఎడమకన్ను నువ్వు చెక్కినావా, బండి చెక్కిందా?"

"ఇద్దరం నాయనా."

నాయన ఇంకో రెండు ముద్దలు తిన్నాడు. "వాండ్లు నాకు కాళ్లు కడుక్కోను నీళ్లిచ్చి, మజ్జిగిచ్చి పంపించినారు" అన్నాడు. మళ్లీ ఆ కన్ను మాట ఎత్తలేదు.

చాలా ఏళ్లకు పెద్ద పట్టాలు వేసి రైలుదారిని పక్కకు మళ్లించారు. ఇప్పుడు పాత బొగదనూ, పాత వంతెన ఆనవాళ్లనూ చూడటానికి జనం కెమెరాలతో వస్తున్నారు. నేనూ మొన్న పోయాను. గుడి ముందు టీ కొట్టు పెట్టుకున్నతను, నేను అడక్కుండానే స్వామి కథ చెప్పాడు. ఆళ్లగడ్డ నుంచి గొప్ప శిల్పి వచ్చాడట. బొడ్డుదాకా గడ్డమట. నలభై రోజులు ఉపవాసముండి, లైను మీద నడిచేవాళ్లకు కాపలాగా ఉండాలని కావాలనే ఆ కన్ను అట్లా చెక్కాడట. (నాకు బాగా గుర్తు, ఆ పొద్దున మేస్త్రి ఇంట్లో నాలుగు రొట్టెలు తిని పోయాను.)

"ఎవురు చెప్పినారు నాయనా?" అన్నాను.

"మా జేజి. ఆయప్పను కండ్లారా సూసిందంట. మా నాయనను సంకనేసుకుని ఆడనే నిలబడిందంట."

ఆ నాయనమ్మ పోయి పదేళ్లయిందట. నాకు ఆ గడ్డం ఎందుకు పెట్టిందో అడగడానికి మనిషి లేదు. సంచిలోంచి కొత్త గుడ్డ మూట తీసి విప్పాను.

"అద్దమెందుకు తాతా?" అన్నాడు.

"అప్పుడే తేవాల్సింది. దారిలో ఆలస్యమయింది" అన్నాను.

నాయన నేర్పినట్లే పక్కన నిలబడి, అద్దాన్ని స్వామి ముందు పట్టుకున్నాను. ఎదురుగా పట్టాలు లేవు, కంపచెట్లున్నాయి. అద్దంలో ఆ ఎడమకన్ను మాత్రం నేరుగా నన్నే చూస్తోంది. ఈసారి నంద్యాల నుంచి దిగువమెట్ట దాకా నేను ఆ అద్దంలో ముఖం చూసుకోలేదు. గొప్ప నిగ్రహమేమీ కాదు. చూసుకోవలసిన మీసమంతా ఎప్పుడో తెల్లబడిపోయింది.